మన వాడ సిపాయి పేరు యాడుండాది?



కూలి బకాయిల గురించి, శ్మశానం దారి గురించి ఈ సంచిక లోపలి పేజీల్లో రాసినాం. ఈ పేజీలో మాత్రం ఒక మ్యూజియం గురించి రాస్తున్నాం. తుపాకులూ విమానాలతో మన వాడకేం పని అని పక్కన పెట్టకండి. చివరిదాకా చదవండి. చదువు రాని పెద్దలకు చదివి వినిపించండి.

నేను బడిపంతుల్ని. మా ఇంట్లో మొదట డిగ్రీ చదివినోణ్ణి. మా బడికి సర్కారు ఇచ్చిన పెద్ద తెర ఒకటి ఉంది. మొన్న ఒక మధ్యాహ్నం ఎనిమిదో తరగతికి రెండో ప్రపంచ యుద్ధం పాఠం చెబుతూ, ఆ తెర మీద అమెరికాలో డేటన్ ఊరి దగ్గరుండే వైమానిక దళ మ్యూజియం తెరిచినాను. ఆ మ్యూజియం వాళ్ళు లోపలంతా చుట్టూ ఫోటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టినారు. టికెట్టు లేదు, వీసా లేదు. వేలితో జరిపితే ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవచ్చు. పైకి జరిపితే నెత్తి మీద వేలాడే విమానం కనిపిస్తుంది. అనంతపురం బస్టాండు దాటి ఎరగని పిల్లలు గంటసేపు అమెరికాలో తిరిగినారు.

1945 ఆగస్టు 9న నాగసాకి మీద అణుబాంబు వేసిన బాక్స్‌కార్ విమానం అసలుదే అక్కడుంది. దాని ముందర పిల్లలు గమ్మునైపోయినారు. తర్వాత సరుకు మోసే పెద్ద విమానాల దగ్గరికి పోయినాం. 1942 నుంచి 1945 దాకా అస్సాం నుంచి కొండల మీదుగా చైనాకు యుద్ధ సరుకు మోసిన రకం విమానాలవి. అస్సాం పేరు వినగానే వెనక వరసలో పాప ఒకతె లేచింది. "సార్, అస్సాం మన దేశమే కదా. మరి మనోళ్ళు ఏ గదిలో ఉండారు?" అని అడిగింది.

మేం తిరిగిన గదుల్లో మనోళ్ళు కనపడలేదు. పాప అడిగిన మాట మాత్రం ఇంటికి వచ్చినా నన్ను వదల్లేదు.

అస్సాంలో ఆ విమానాలు దిగిన నేలను చదును చేసినవాళ్ళు కూలీలు. తేయాకు తోటల నుంచి తోలుకొచ్చిన ఆడామగా చేత్తో రాళ్ళు కొట్టి, తట్టలతో మోసి పరిచినారు. అదే సీమ నుంచి బర్మాలోకి లీడో రోడ్డు వేసినారు. 1942 డిసెంబరులో మొదలుపెట్టి 1945 జనవరిలో ముగించినారు. ఆ పనిలో సుమారు 15,000 మంది అమెరికా సైనికులుంటే, అందులో సగానికి పైగా నల్లవాళ్ళు. వాళ్ళతో పాటు సుమారు 35,000 మంది ఇక్కడి కూలీలు పనిచేసినారు. మలేరియాతో, కొండచరియలు విరిగిపడి చచ్చినోళ్ళు ఎందరో.

ఆ నల్ల సైనికులను తెల్ల సైనికులతో కలవనియ్యలేదు. పటాలం వేరు, పడక వేరు, తిండి వేరు. 1948 జులైలో అధ్యక్షుడు ట్రూమన్ ఉత్తర్వు వేసేదాకా అమెరికా సైన్యంలో అదే పద్ధతి. ఆ మాట చెబితే మా పిల్లలకు వివరం చెప్పే పని లేకపోయింది. రెండు గ్లాసుల సంగతి వాళ్ళ అవ్వాతాతలు ముందే చెప్పినారు. అయితే డేటన్ మ్యూజియంలో నల్ల పైలట్లకు, టస్కీగీ వీరులంటారు వాళ్ళను, చోటు ఉంది. వాళ్ళ బొమ్మలు, వాళ్ళ కథ అక్కడ పెట్టినారు. ఆ చోటు వాళ్ళకు ఎవరూ దానంగా ఇవ్వలేదు. వాళ్ళ జనం ఏండ్ల తరబడి తమ వాళ్ళ పేర్లు రాసి పెట్టుకొని, అడిగి, కొట్లాడితే వచ్చింది.

ఇంక మన ఊరికి రండి.

2023 ఆగస్టులో 'మేరీ మాటీ మేరా దేశ్' అని దేశమంతా పంచాయతీల్లో శిలాఫలకాలు నిలబెట్టినారు. దేశం కోసం ప్రాణాలిచ్చిన ఊరివాళ్ళ పేర్లు రాతి మీద చెక్కాలన్నది ఆ కార్యక్రమం. మంచిదే. మా పక్క ఊరిలోనూ ఒకటి నిలబెట్టినారు. ఆ ఊరి మాదిగవాడలో ఎనభై దాటిన అవ్వ ఒకామె ఉంది. తాను తల్లి కడుపులో ఉండగానే నాయిన కరువుకు తట్టుకోలేక గుంతకల్లులో రైలెక్కి పటాలంలో చేరినాడంట. బర్మా పోతున్నానని జాబు రాయించినాడు. మళ్ళీ జాబు రాలేదు, మనిషీ రాలేదు. ఆ అవ్వ చదువుకున్న మనమణ్ణి వెంటబెట్టుకొని రాయి దగ్గరికి పోయి, "మా నాయిన పేరుండాదేమో సూడు రా" అనింది. లేదు. పెద్దమనుషులను అడిగితే "కాగితం ఉంటే తీసుకురా" అన్నారు. జాబితా రాసేటప్పుడు వాడలోకి వచ్చి అడిగినోడు ఒక్కడూ లేడు.

పాప ప్రశ్నకు జవాబు వెతుకుతుండగా నాకు ఆ అవ్వ గుర్తొచ్చింది. ఒక ఆదివారం పోయి ఆమె పక్కన కూర్చొని నా ఫోన్లో వెతికినాను. కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల సంఘం అని ఒకటుంది. రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన సైనికుల పేర్లు వాళ్ళు ఇంటర్నెట్‌లో పెట్టినారు. బర్మాలో రంగూన్ దగ్గర తౌక్యాన్ అనే చోట సమాధి దొరకని వాళ్ళ కోసం పెద్ద పెద్ద స్తంభాలు కట్టి, దాదాపు 27,000 మంది పేర్లు చెక్కినారు. అందులో ఎక్కువమంది భారతీయులే. కొన్ని పేర్ల కింద తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా ఉంటాయి.

అవ్వ నాయిన పేరు లాంటివి కొన్ని దొరికినాయి. కానీ ఆయనే అని చెప్పేదెట్లా? దొర రాసిన ఇంగ్లీషు అక్షరాల్లో మన పేరు ఒక్కోచోట ఒక్కో తీరు. పటాలం పేరు అవ్వకు తెలియదు. నంబరు తెలియదు. "ఒక బిళ్ళ వచ్చిండె నాయినా, సుక్క మాదిరి ఉండె. కరువు ఏట మాయమ్మ దాన్ని పాతసామాన్లోనికి ఇచ్చి జొన్నలు తెచ్చింది" అనింది. భారత సైనికులకు ఇచ్చిన ఆ బిళ్ళల్లో చాలావాటి మీద పేరూ నంబరూ చెక్కి ఉండేవి. ఆ నంబరు ఒక్కటి మిగిలుంటే ఆ మనిషి దొరికేవాడు. కరువు మన కడుపులనే కాదు, మన కాగితాలను కూడా తినింది.

ఇది ఒక్క అవ్వ కథ కాదు. మొదటి ప్రపంచ యుద్ధానికి ఈ దేశంలో సైన్యంలో చేరిన సుమారు 14 లక్షల మందిలో 5 లక్షలకు పైగా తుపాకి పట్టనివాళ్ళు. నీళ్ళు మోసినోళ్ళు, కంచరగాడిదలు తోలినోళ్ళు, పాకీపని చేసినోళ్ళు, రోడ్లు వేసినోళ్ళు. ఇంగ్లండులో బ్రైటన్ రాజభవనాన్ని మన గాయపడిన సిపాయిలకు ఆస్పత్రి చేసి, మతానికీ కులానికీ వేరుగా తొమ్మిది వంటిళ్ళు పెట్టినారు. సముద్రాలు దాటినా కులం దిగిపోలేదు. అదే దేశంలో బ్రాకెన్‌హర్స్ట్ ఊరి సైనిక ఆస్పత్రిలో బరేలీ నుంచి పోయిన సుఖా అనే పాకీపనివాడు 1915 జనవరి 12న చనిపోయినాడు. అంటరానివాడని హిందువులు దహనం చెయ్యలేదు, తమవాడు కాదని ముసల్మానులు తమ శ్మశానంలో చోటియ్యలేదు అని చెప్తారు. చివరికి ఆ ఊరి పాదిరీ చర్చి ఆవరణలో పూడ్పించినాడు. ఊరిజనం చందాలేసుకొని రాయి పెట్టించి, పేరు చెక్కించినారు. ఈరోజుకీ ఆ రాయి ఉంది.

పరాయి ఊరోళ్ళు ఒక పాకీమనిషికి రాయి నిలబెట్టినారు. మరి ఆయన్ను పంపిన సామ్రాజ్యం ఏం చేసింది? నేను చెప్పిన ఆ సమాధుల సంఘమే 2021 ఏప్రిల్‌లో ఒక నివేదిక బయటపెట్టింది. మొదటి యుద్ధంలో చనిపోయిన భారత, ఆఫ్రికా వాళ్ళలో 45,000 నుంచి 54,000 మందిని తెల్లవాళ్ళతో సమానంగా గుర్తుపెట్టలేదని, ఇంకో 1,16,000 మందికి, బహుశా 3,50,000 మంది దాకా, పేరైనా రాయలేదని ఒప్పుకొనింది. వందేండ్లకు బ్రిటిష్ పార్లమెంటులో మంత్రి క్షమాపణ చెప్పినాడు.

పేరు రాస్తే ఏమవుతుందో కోరేగావ్ చెబుతుంది. 1818 జనవరి 1 నాటి పోరులో చనిపోయిన కుంపిణీ సిపాయిల పేర్లు అక్కడి స్తంభం మీద చెక్కినారు. అందులో 22 మహార్ల పేర్లు. ఆ పేర్లు ఉన్నందుకే 1927 జనవరి 1న బాబాసాహెబ్ అక్కడికి పోయి నిలబడగలిగినాడు. రాయి ఖాళీగా ఉంటే ఎవరికి దండం పెట్టేవాడు?

"దొరల సైన్యంలో కొలువు చేసినందుకు గర్వమా?" అని కొందరు మిత్రులు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. దొర కోసం చచ్చినందుకు గర్వం కాదు. మనల్ని వాడుకున్న తీరు మరిచిపోకూడదని ఈ మాట. మొదట్లో కుంపిణీ పటాలాల్లో తెలుగువాళ్ళు ఎంతమంది అంటే, ఉత్తరాదిలో సిపాయిని 'తిలంగా' అనేవాళ్ళు. తర్వాత దొరలే 'వీర జాతులు' అని లెక్క గీసి, దక్షిణాది వాళ్ళు పోరుకు పనికిరారన్నారు. 1890లలో మహార్లను చేర్చుకోవడం మానేసినారు. 1917లో మనుషులు చాలకపోతే మహార్ పటాలం పెట్టి, యుద్ధం అయినాక 1921లో రద్దు చేసినారు. 1941లో మళ్ళీ పెట్టినారు. 1943లో చమార్ రెజిమెంటు పెట్టి 1946లో ఎత్తేసినారు. అవసరానికి వీరుడు, అవసరం తీరినాక అంటరానివాడు.

ఇంకో మాట. బాబాసాహెబ్ తండ్రి రాంజీ సుబేదారు. సైనిక బడిలో పంతులు. ఊరి బడి మనల్ని గడప బయట కూర్చోబెట్టిన కాలంలో పటాలం బడి అక్షరం నేర్పింది. ఆకలి తోలితే పోయినోడు, జీతంతో పాటు అక్షరం కూడా తెచ్చుకున్నాడు. ఆ చరిత్ర మనది. దాన్ని తుపాకి పూజ చెయ్యకుండానే చెప్పుకోవచ్చు.

కాబట్టి ప్రతి వాడలో ఈ పనులు మొదలుపెట్టమని కార్యకర్తలను కోరుతున్నాం.

ఒకటి: ఎనభై దాటిన పెద్దలను ఈ నెలలోనే కలవండి. ఎవరి నాయిన, ఎవరి తాత పటాలానికి పోయినాడో అడిగి, వాళ్ళ మాటల్లోనే రాయండి. వంటవాడైనా, గాడిదలు తోలినోడైనా రాయండి.

రెండు: డిశ్చార్జి బుక్కు, బిళ్ళ, మనియార్డరు ముక్క, పాత ఫోటో, ఏది ఉన్నా రెండు పక్కలా ఫోన్లో ఫోటో తీయండి. అసలుది ఇంటివాళ్ళ దగ్గరే ఉంచండి. ఎవరికీ ఇయ్యొద్దు, అమ్మొద్దు.

మూడు: నంబరు ఉంటే సమాధుల సంఘం జాబితాలో వెతికించండి. తర్వాత కాలంలో చేరినవాళ్ళ గురించి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అర్జీ పెట్టి, రసీదు తీసుకోండి.

నాలుగు: మీ ఊరి శిలాఫలకం మీద మన పేర్లు లేకపోతే గ్రామసభలో లేచి అడగండి. తీర్మానం రాయించండి. "కాగితం లేదు" అంటే, వాడ పెద్దల సాక్ష్యమే కాగితమని చెప్పండి.

డేటన్ మ్యూజియం మన కోసం గది కట్టదు. మన గది మనమే కట్టుకోవాలి. దానికి ఒక నోటుబుక్కు, ఒక పెన్ను చాలు. మా బడిలో ఆ నోటుబుక్కు తెరిచినాం. మొదటి పేజీలో అవ్వ చెప్పిన పేరు రాసినాం. రాసింది ఆ రోజు ప్రశ్న అడిగిన పాపే. పటాలం పేరు దగ్గర, నంబరు దగ్గర ఖాళీ వదిలింది. ఆ పేజీ చూపిస్తే అవ్వ చదవలేక, వేలితో అక్షరాలు తడిమి, "ఇదేనా మా నాయిన?" అనింది.

అవునవ్వా, ఇదే. ఇంక రాతి మీదికి పోవాల.

జై భీమ్!