ఎట్టకేలకు...

మా చల్లపల్లి ఆరాధనల్లో సాక్ష్యానికి లేచిన యువతీయువకుల నోట ‘ఫైనల్లీ’ అన్న మాట తరచూ వింటున్నాం. ఫైనల్లీ వీసా వచ్చింది, ఫైనల్లీ సంబంధం కుదిరింది. ప్రసంగీకులు ఆఖరి అంశానికి వచ్చామనడానికీ అదే మాట వాడతారు (ఆ తర్వాత అరగంట పట్టినా సరే!). ‘ఎట్ లాస్ట్’ అలా కాదు. అది మన ‘ఎట్టకేలకు’. ఎదురుచూసినవారి నిట్టూర్పు అందులో వినిపిస్తుంది. ‘ఈవెంచువల్లీ’ అంటే కాలక్రమంలో జరిగిందని మాత్రమే. ఎవరు కన్నీళ్లతో కనిపెట్టారో అది చెప్పదు.

మా పొరుగునున్న మచిలీపట్నానికి 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మిషనరీలుగా వచ్చారు. నోబుల్ పాఠశాల 1843లో మొదలైంది. దాని విద్యార్థుల్లో తొలి బాప్తిస్మాలు 1852లో గానీ జరగలేదు. నోబుల్ ‘ఎట్ లాస్ట్’ అనగలిగారు. ఫాక్స్ 1848లోనే ప్రభువునందు నిద్రించారు. ఆయన విషయంలో చరిత్ర ‘ఈవెంచువల్లీ’ అనే రాయాలి. ఆయన ప్రార్థనలు వ్యర్థమని అనగలమా? వాగ్దాన ఫలం చూడకుండానే మృతినొందినవారిని హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం విశ్వాసవీరుల్లోనే లెక్కించింది.

అయితే మన సాక్ష్యాల్లో జవాబు పొందినవారికే చోటు. బిడ్డ కోసం ఏళ్లుగా మోకరిస్తున్న సహోదరి చప్పట్లు కొట్టి కూర్చుంటోంది. ఇంకా కనిపెడుతున్నానని ఆమె కూడా లేచి చెప్పేందుకు సంఘ పెద్దలు అయిదు నిమిషాలు కేటాయించాలని మేము కోరుతున్నాం.