క్రాష్ ప్యాడ్ మీద 9,000 పెట్టుడు దండగనా?



మా హాస్టల్ ఆరుగురం ఆదివారాలు ఖాజాగూడ గుట్టల దగ్గర బౌల్డరింగ్‌కు పోతున్నం. ప్యాడ్ కోసం డబ్బులు జమ చేస్తున్నమని చెప్పినప్పటి నుంచి రెండు సలహాలు వస్తున్నయి. ఒకటి, "పరుపుల షాపుల రెండు వేలకు ఫోమ్ ముక్క తెచ్చుకోండి, అయిపోతది." రెండోది, "మన తాతలు ఏ ప్యాడ్ వేసుకొని గుట్టలెక్కిన్రు?" రెండింటినీ మేం ఒప్పుకోం.

తెలియనోళ్ళ కోసం ఒక మాట. బౌల్డరింగ్‌లో తాడు ఉండదు. మూడు, నాలుగు మీటర్ల బండ, చెయ్యి జారితే నేరుగా కిందికే. మూడు మీటర్ల నుంచి పడితే నేల తాకేటప్పటికి గంటకు దాదాపు 28 కిలోమీటర్ల వేగం ఉంటది. ఇంటర్ ఫిజిక్స్ లెక్కే, మీరూ వేసి చూడండి. అంత వేగాన్ని పది సెంటీమీటర్ల మందంలో ఆపాలి.

పరుపు పడుకునే మనిషి కోసం చేసింది. దాని మీదికి ఎత్తు నుంచి దూకితే మడమ ఫోమ్‌ను నొక్కుకుంటూ పోయి కింద రాయికి తగులుతది. అందుకే మంచి ప్యాడ్‌లో రెండు పొరలు ఉంటయి. పైన గట్టి క్లోజ్డ్ సెల్ ఫోమ్, అది దెబ్బను వెడల్పుగా పరుస్తది. కింద మందంగా ఓపెన్ సెల్ ఫోమ్, అది మెల్లగా నలిగి వేగం తగ్గిస్తది. షాపులో చేత్తో నొక్కి "మెత్తగుంది, బాగుంది" అనుకుంటే మోసపోయినట్టే. కొత్త ప్యాడ్ కొంచెం గట్టిగానే అనిపించాలి. సెకండ్ హ్యాండ్‌ది చూసినా మోకాలు ఆనించి బరువంతా వెయ్యండి, నేల తగిలితే వదిలెయ్యండి. మడతపెట్టే ప్యాడ్ అయితే మధ్యల సందు చూడాలి. కాలు సరిగ్గా ఆ సందులో పడితే చీలమండ పోతది.

పైసలు మిగిల్చుకునే జాగాలు వేరే ఉన్నయి. బ్రాండ్ పేరు, రంగు, జేబులు మనకెందుకు? మాకు చెప్పిన బ్రాండ్ ప్యాడ్ ధర 20,000 దాటింది. రెండు రకాల ఫోమ్ విడిగా కొని, టార్పాలిన్ కుట్టే దర్జీతో కవర్ కుట్టిస్తే 9,000కు వస్తున్నది. మనిషికి 1,500. అది కూడా స్కాలర్‌షిప్ పడ్డాకనే. ఫోమ్ మీద మాత్రం రూపాయి తగ్గించేది లేదు.

ఎందుకంటే ఉన్నోళ్ళ పిల్లగాడు చౌక ప్యాడ్ మీద పడి కాలు విరగ్గొట్టుకుంటే కారు ఉంటది, ఇన్సూరెన్స్ ఉంటది. మనకు 75 శాతం హాజరు లేకపోతే స్కాలర్‌షిప్ ఆగుతది. రూమేమో మూడో అంతస్తు, మెస్ కింద. చూసుకోవడానికి అమ్మనో నాయననో కూలి ఇడిసిపెట్టి రావాలి. మా ఆరుగురిలో నలుగురం ఇంట్లో మొదటిసారి కాలేజీకి వచ్చినోళ్ళం. ఒక్క సెమిస్టర్ పోతే ఊళ్ళె "చదివింది చాలు" అనడానికి అందరూ తయారుగా ఉన్నరు. చౌకది కొనే స్తోమత మనకు లేదు.

ఇక తాతల సంగతి. నల్లమలలో చెంచులు తేనె కోసం కొండ అంచు నుంచి తాడు మీద దిగుతరు. పైన తాడు పట్టుకునేది బావమరిది అని చెప్పుకుంటరు. తన అక్కచెల్లెలు ముండమోయకూడదని గట్టిగా పట్టుకుంటడు కదా! అంటే తాతలు కూడా ఊరికే దిగలేదు, ఎవరిని నమ్మాలో బాగా ఆలోచించుకునే దిగిన్రు. "గిరిజనులకు ఎక్కుడు పుట్టుకతోనే వస్తది" అన్న మాట మెచ్చుకున్నట్టే వినిపిస్తది, కానీ మనకు సామాను ఇయ్యకుండ తప్పించుకోవడానికి అదే పనికొస్తది. 2014 మే 25న మన మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్ళు కూడా నిండకుండ ఎవరెస్ట్ ఎక్కింది. పుట్టుకతో ఎక్కలేదు. భువనగిరి గుట్ట మీద నేర్చుకుంది, బూట్లు, తాళ్ళు, ఆక్సిజన్ అన్నీ పెట్టుకొని ఎక్కింది.

ప్యాడ్ కుట్టించినంక కొలతలు, బరువు, ఏ ఫోమ్ ఎంత పడ్డదో ఇక్కడే పెడతం. వేరే హాస్టల్ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అడిగినా ఇస్తం. షరతు ఒక్కటే. ఆ ఫోమ్ నీళ్ళు పీలుస్తది, వాన మొదలైతే ముందు ప్యాడ్‌ను చాటుకు చేర్చాలి, మీరు తర్వాత.