లాంచీలో వదిలేసిన ఫోటో



ఈ మధ్య మన గుంటూరు, ప్రకాశం ప్రాంతాల నుండి అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్ళే తల్లిదండ్రులు ఎక్కువయ్యారు. అలా వెళ్ళినవారిని పిల్లలు విహార ఓడ ఎక్కించి, సముద్రం మీద మూడు నాలుగు రోజులు తిప్పి తెస్తున్నారు. ప్రయాణానికి సిద్ధపడుతున్న ఒక దంపతులు మమ్మల్ని ఇలా అడిగారు: "ఓడలో వాళ్ళే ఫోటోలు తీసి అమ్ముతారట. ఒక్కొక్కటి వేల రూపాయలట. చేతిలో ఫోన్ ఉండగా అవి కొనడం దండగ కాదా?"

దండగ అనే మాట మేము కూడా ఒకసారి అన్నాము. ఎక్కడ, ఎందుకు అన్నామో ముందు చెప్పి, తరువాత వారి ప్రశ్నకు వస్తాము.

అవి 1994 క్రిస్మస్ సెలవులు. పత్తి ఒక తీత అయింది. మిరప కోతకు ఇంకా సమయముంది. ఆ నాలుగు రోజుల తీరికలో ఇద్దరు పిల్లలను, అమ్మను తీసుకొని మాచర్ల మీదుగా విజయపురి సౌత్ చేరాము. అక్కడ నాగార్జునకొండకు లాంచీ ఎక్కాము. అమ్మకు అప్పటికి అరవై దాటాయి. ఏళ్ళ తరబడి సాగరు కుడి కాలువ నీళ్ళతో పైరు పెట్టిన మనిషి. కాలువకు నీళ్ళు ఎప్పుడు వదులుతారా అని ఎదురుచూడటమే గాని, ఆ నీళ్ళు నిలిచే చోటు ఆమె ఎన్నడూ చూడలేదు. లాంచీ ఒడ్డు విడవగానే కమ్మీ పట్టుకొని, "ఇన్ని నీళ్ళే!" అని చిన్నపిల్లలా నవ్వింది.

లాంచీలో ఫోటోలు తీసే కుర్రవాడొకడున్నాడు. "పెద్దమ్మా, ఇటు చూడండి" అని పిలిచి, ఆమె తిరిగి చూడగానే తీశాడు. పక్కన మేమందరమూ ఉన్నాము. పోస్టుకార్డు సైజుకు పదిహేను రూపాయలన్నాడు. డబ్బు కట్టి అడ్రసు రాసిస్తే పోస్టులో పంపుతానన్నాడు. "పెద్దమ్మగారు చక్కగా నవ్వారు సార్, వదులుకోవద్దు" అని కూడా అన్నాడు.

మా మెడలో బంధువుల దగ్గర అడిగి తెచ్చిన యాషికా కెమెరా ఉంది. అందులో ముప్పై ఆరు ఫోటోల కొత్త రీలు ఉంది. పైగా డబ్బు తీసుకున్నవాడు ఫోటో పంపుతాడన్న నమ్మకమేమిటి? "మన కెమెరా ఉండగా ఎందుకు? దండగ" అన్నాము. అమ్మ ఏమీ అనలేదు. కొంగుముడి విప్పి, మడతపెట్టిన నోట్లు తీయబోయింది. "నువ్వు ఊరుకో అమ్మా" అని ఆపాము. ఆమె మళ్ళీ ముడి వేసుకుంది.

ఇంటికి వచ్చాక రీలు కడిగించాము. ఒక్క ఫోటో కూడా రాలేదు. రీలు కొస లోపలి చక్రానికి సరిగా పట్టలేదని స్టూడియో అతను చెప్పాడు. మీట తిప్పినప్పుడల్లా అంకె మారింది గాని రీలు కదలలేదు. తప్పు కెమెరాది కాదు, రీలు ఎక్కించిన మాది.

1997 వేసవిలో అమ్మ ప్రభువునందు నిద్రించింది. జ్ఞాపకార్థ కూడికకు ఫోటో కావలసివచ్చింది. ఇల్లంతా వెదికితే, ఒక పెళ్ళిలో అందరితో కలిసి తీసిన ఫోటో దొరికింది. అందులో అమ్మ వెనుక వరుసలో, ఎవరి భుజం చాటునో ఉంది. దానినే పెద్దది చేయించాము. ఈనాటికీ మా ముందు గదిలో ఉన్నది అదే. అందులో అమ్మ నవ్వడం లేదు.

ఆ రోజు మేము వెళ్ళిన చోటు ఎటువంటిదో తలచుకుంటే ఇంకా బాధ కలుగుతుంది. నాగార్జునకొండ లోయలోని పాత కట్టడాల సంగతి 1926లో లోకానికి తెలిసింది. అక్కడ డ్యామ్ వస్తుందని తేలాక, 1954 నుండి 1960 వరకు పురావస్తు శాఖవారు డాక్టర్ ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో తవ్వకాలు జరిపారు. బయటపడిన ప్రతిదానినీ కొలిచారు, పటాలు గీశారు, ఫోటోలు తీశారు. కొన్ని కట్టడాలను కొండ మీదికి, అనుపు దగ్గరికి తరలించి తిరిగి కట్టారు. మిగిలినదంతా నీటి కింద ఉండిపోయింది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీళ్ళు వదిలారు. ఆ నీళ్ళతోనే మన చేలు పచ్చబడ్డాయి. మునిగిపోయే లోయకు అంత శ్రద్ధగా ఫోటోలు తీసి దాచిన చోటికి వెళ్ళి, మేము పక్కనున్న మనిషి ఫోటో వద్దనుకొని వచ్చాము.

ఇక ఓడ సంగతి. 2023లో మా అబ్బాయి మమ్మల్ని మయామీ నుండి బహామా దీవులకు వెళ్ళే ఓడ ఎక్కించాడు. ఎక్కేచోటే ఒక ఫోటోగ్రాఫరు అందరినీ ఆపి ఫోటో తీశాడు. ఊరు చూడటానికి దిగేచోట మరొకరు తీశారు. రాత్రి మంచి బట్టలు కట్టుకొని భోజనానికి వెళ్ళే దారిలో రంగుల తెర ముందు నిలబెట్టి ఇంకొకరు తీశారు. మరుసటి రోజుకల్లా అవన్నీ ఒక పెద్ద వసారాలో వరుసగా పెట్టి ఉన్నాయి. కొన్ని ఓడలలో ఇప్పుడు వీటిని తెర మీద చూపుతున్నారు. తీయించుకున్నందుకు డబ్బు లేదు, నచ్చితేనే కొనాలి. కొన్నదాని ఖరీదు గది లెక్కలో కలుస్తుంది.

మా ఫోటో ఖరీదు ఇరవై రెండు డాలర్లు. మన లెక్కలో 1,800 రూపాయలు. మిరప కోతకు వెళ్ళే మనిషికి అది ఎన్నో రోజుల కూలి. "నాన్నా, దండగ. ఫోన్లో నాలుగు వందల ఫోటోలున్నాయి" అన్నాడు అబ్బాయి. ఆ మాట వినగానే మాకు లాంచీ గుర్తుకొచ్చింది. ఆ రాత్రి గదిలో కూర్చొని అతని ఫోన్లోని ఫోటోలన్నీ చూశాము. సముద్రం ఉంది, మేమున్నాము, మనవరాలుంది, తిన్న పదార్థాలు కూడా ఉన్నాయి. కోడలు మాత్రం పదకొండు ఫోటోలలోనే ఉంది. వాటిలోనూ సగం తానే చేయి చాచి తీసినవి, ముఖం అంచుకు తెగిపోయినవి. ఫోన్ పట్టుకున్నది ఆ అమ్మాయే గనుక తాను లేదు.

ఓడవారి ఫోటోలో అందరమూ ఉన్నాము. కోడలు మధ్యలో నిలబడి, మనవరాలి వైపు తిరిగి నవ్వుతున్నది. "మీకెందుకు మామయ్యా ఇంత ఖర్చు" అన్నది గాని, కొన్నాక ఆ కాగితాన్ని చేతిలో పెట్టుకొని చాలాసేపు చూసింది.

కాబట్టి ఆ దంపతుల ప్రశ్నకు మా జవాబు ఇది. అన్నీ కొనవద్దు, ఒక్కటి కొనండి. అందరూ ఉన్నది, ఎప్పుడూ ఫోటో తీసే మనిషి కూడా ఉన్నది చూసి కొనండి. రంగుల తెర ముందు కట్టెల్లా నిలబడి తీయించుకున్న ఫోటో కంటే, ఎక్కేటప్పుడో దిగేటప్పుడో తీసిన ఫోటోలో ముఖాలు సహజంగా ఉంటాయి. ధర, పన్ను, కాగితం ఫోటోతో పాటు ఫోన్లోకి కూడా ఇస్తారా లేదా అన్నది ముందే అడగండి. చివరి రాత్రి దాకా ఆగితే అక్కడ రద్దీ ఎక్కువ. దిగిపోయాక కొనవచ్చులే అనుకోవద్దు. ఓడవారి ధరలు భారమైతే చింతించవద్దు. పక్కనున్న కుటుంబానికి మీ ఫోన్ ఇచ్చి ఒకటి తీయమనండి, వారికీ ఒకటి తీసిపెట్టండి.

మీరు తీసుకునే ఫోటోల విషయంలో కొన్ని సంగతులు గమనించండి. నీటి మీద ఎండ మెరుస్తుంటే, దానికి వీపు పెట్టి నిలబడిన వారి ముఖాలు నల్లగా వస్తాయి. అటువంటప్పుడు వారిని పక్కకు తిప్పండి. ఉదయం, సాయంత్రం వెలుగు మేలు. చల్లని ఏసీ గది నుండి బయటికి రాగానే అద్దం మీద ఆవిరి పడుతుంది. కాసేపు ఆగి, మెత్తని గుడ్డతో తుడిచి తీయండి. ఇతరుల పిల్లలను అడగకుండా తీయవద్దు.

అన్నిటికంటే ముఖ్యమైనది మన లాంచీలకు, పడవలకు సంబంధించినది. పాపికొండలకు వెళ్ళినా, భవానీ ద్వీపానికి వెళ్ళినా, ఫోటో కోసం అందరూ ఒకే పక్కకు చేరవద్దు. చిన్న పడవ ఒరిగిపోతుంది. లైఫ్ జాకెట్ ఫోటోలో బాగుండదని విప్పవద్దు. కమ్మీ మీద పిల్లలను కూర్చోబెట్టవద్దు.

ఫోటో కొన్నాక వెనుక తేదీ, ఊరు, అందులో ఉన్నవారి పేర్లు రాయండి. ఫోన్లోనివాటిలో మంచివి పదో పన్నెండో ఎంచి కాగితం మీద వేయించండి. ఫోన్ పోతే అవీ పోతాయి. యాత్రాస్థలాలలో ఫోటోలు తీసి బ్రతికేవారికి ఫోన్లు వచ్చాక గిరాకీ తగ్గింది. ధర ముందే మాట్లాడుకోండి. తీయించుకున్నాక మాత్రం బేరమాడవద్దు.

ఈ వారం ఒక సాయంత్రం మీ ఇంటి ఆల్బమ్ తీసి చూడండి. ఎవరు లేరో లెక్కపెట్టండి. కొన్ని ఇళ్ళలో కెమెరా పట్టిన తండ్రి ఉండడు. కొన్ని ఇళ్ళలో వడ్డిస్తూ వెనుక ఉండిపోయిన తల్లి ఉండదు. వారిని ఈసారి ముందు వరుసలో నిలబెట్టండి. ఖర్చు తామే పెడతామని వారు కొంగుముడి విప్పితే, మాలాగా ఆపవద్దు.