సీసా మీద ఏం రాసి ఉంది?



మా నాన్నగారికి మోకాలి ఆపరేషన్ అయినప్పుడు, ఆసుపత్రిలో ఆయన్ని నొప్పి కంటే ఎక్కువగా విసిగించింది ఒక ప్రశ్న. మందు ఇచ్చే ప్రతిసారీ నర్సు వచ్చి "మీ పేరు చెప్పండి" అని అడిగేది. చేతికి కట్టిన బ్యాండ్ మీద పేరు, నంబరు చూసి, కేస్ షీట్‌తో సరిపోల్చుకునేది. "పొద్దున్నుంచి నాలుగుసార్లు చెప్పానమ్మా, మరిచిపోయావా?" అన్నారు నాన్నగారు. "మరిచిపోలేదు అంకుల్, మీ పేరే ఉన్నాయన ఇదే ఫ్లోర్‌లో ఇంకొకరు ఉన్నారు" అంది ఆ అమ్మాయి. ఆ తర్వాత ఆయన అడక్కముందే ఇంటిపేరుతో సహా చెప్పడం మొదలుపెట్టారు.

ఆ నాలుగు రోజులూ పక్కన కూర్చుని నేను లేబుళ్లే చూశాను. సిరంజిలోకి మందు తీసుకోగానే దాని మీద స్టిక్కర్ పడేది: మందు పేరు, మోతాదు, సమయం. సెలైన్, నొప్పి ఇంజెక్షన్, పొటాషియం క్లోరైడ్... సిరంజిలో అన్నీ మంచినీళ్లలాగే ఉంటాయి. గాఢమైన పొటాషియం క్లోరైడ్‌ని పలచన చెయ్యకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చు. చూపుకి తేడా తెలియని చోట దిక్కు ఆ చిన్న స్టిక్కరే.

ఇంగ్లిష్ టీచర్‌ని కాబట్టి ఇంకో సంగతి కూడా నాకు నచ్చింది. హైడ్రాక్సిజిన్ దురదకి వాడతారు, హైడ్రాలజిన్ బీపీకి. ఇంగ్లిష్‌లో రాస్తే రెండింటికీ మొదటి నాలుగు అక్షరాలూ, చివరి నాలుగూ ఒకటే. అందుకని ఇలాంటి జంట పేర్లలో తేడా ఉన్న అక్షరాలను క్యాపిటల్స్‌లో ముద్రించే పద్ధతి ఒకటి ఉంది. పదం మధ్యలో క్యాపిటల్ కనిపిస్తే నేను క్లాసులో ఎర్ర పెన్నుతో సున్నా చుడతాను. ఇక్కడ మాత్రం అదే ఒప్పు!

ఇంత జాగ్రత్తా ఆసుపత్రి గేటు దాటగానే పోతుంది. మెడికల్ షాపులో స్ట్రిప్ కత్తిరించి ఇస్తారు, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క వాళ్ల దగ్గరే మిగిలిపోతుంది. పారాసెటమాల్ సంగతి చూడండి. పిల్లల సిరప్‌లో 5 ఎం.ఎల్.కి 120 లేదా 125 మిల్లీగ్రాములు ఉంటుంది, ఇంకో రకంలో 250. పసిపిల్లల డ్రాప్స్‌లో ఒక్క ఎం.ఎల్.లోనే 100. చిన్న సీసా కదా, తక్కువ పవర్ అనుకుంటాం. సిరప్ అనుకుని డ్రాప్స్ 5 ఎం.ఎల్. పోస్తే నాలుగు రెట్లు పడుతుంది.

ఇది రాయడానికి అసలు కారణం చెప్తాను. మొన్న చలికాలంలో యూకేజీ బాబు ఒకడు లేబుల్ లేని చిన్న సీసాలో గులాబీ రంగు సిరప్ తెచ్చాడు. "లంచ్ తర్వాత ఒక మూత" అని చీటీ. నేను వెయ్యలేదు. వాళ్లమ్మగారికి ఫోన్ చేస్తే, "దగ్గు మందే కదా మేడమ్, ఆఫీసు వదిలి నేనెలా వస్తాను?" అని కోప్పడ్డారు. ఆవిడ ఇబ్బంది నాకు తెలుసు. బాబు మధ్యాహ్నమంతా దగ్గుతూనే ఉన్నాడు, నాకూ బాధేసింది. అయినా మళ్లీ అలాంటి సీసా వస్తే మళ్లీ వెయ్యను. మర్నాడు అసలు సీసా పంపారు. డాక్టరు రాసింది 5 ఎం.ఎల్., దాని కొలత మూత 10 ఎం.ఎల్.ది.

తప్పంతా తల్లిదండ్రులదే అనను. మన స్కూల్ డైరీలో మందుల కోసం ఉన్నది ఒక్క గీత. మందు పేరు, ఎన్ని ఎం.ఎల్., ఎన్ని గంటలకి, ఎవరు రాశారు అని నాలుగు గళ్లు ఉండాలని నా అభిప్రాయం. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో అడుగుతాను, మీరూ అడగండి. ఈలోగా మందు పంపాల్సి వస్తే అసలు సీసా, అట్టపెట్టె, ప్రిస్క్రిప్షన్ జిరాక్స్ కలిపి పంపండి. పెట్టె మీద మార్కర్‌తో బాబు లేదా పాప పూర్తి పేరు, క్లాసు, సెక్షన్ రాయండి. మా ఒక్క సెక్షన్‌లోనే ముగ్గురు సాయిలు ఉన్నారు.