గోడలకు రంగు ఎవరి ఖర్చు?

హైదరాబాద్‌లో ఇల్లు ఖాళీ చేస్తున్నామని చెప్పగానే ఓనర్ల నోట వచ్చే మాట ఒకటుంది: ‘పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకుంటామమ్మా.’ రెండేళ్లున్నా అదే, పదేళ్లున్నా అదే. గోడ చూసి చెప్పే మాట కాదిది, చూడకముందే చెప్పేది. ఈ ఆనవాయితీ అన్యాయం.

మేం దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక పోర్షన్‌లో ఏళ్ల తరబడి ఉన్నాం. పొయ్యి వెనక గోడ మీద పోపు చింది పడ్డ మరకలు మావే. సర్ఫు నీళ్లు, పీచు పెట్టి రుద్ది వదిలించాను. దేవుడి పటాలకు కొట్టిన మేకులూ మావే. మావారు వాటిని పీకి, కన్నాలు వైట్ సిమెంటుతో పూడ్చారు. కుళాయి వాషర్లు మేమే మార్చుకున్నాం. పడగ్గది సంగతి వేరు. డాబా మీది వాననీళ్లు గోడలోకి దిగి, రంగు ముందు పొక్కి, తర్వాత పెచ్చులుగా ఊడింది. వానలు పడ్డప్పుడల్లా ఫోన్ చేశాం, వాట్సాప్‌లో ఫొటోలు పంపాం. డాబాకు మరమ్మతు జరగలేదు. చివరికి ఆ గోడ ఖర్చు కూడా మా అడ్వాన్సులోంచే కోశారు. ‘అగ్రిమెంటులో రాసుంది కదా’ అన్నారు. నిజమే, పదకొండు నెలలకని టైపు చేసి పెట్టుకునే ఆ అగ్రిమెంట్లలో ఆ వాక్యం ఉండనే ఉంటుంది. ఇల్లు దొరకడమే గగనమైనవాళ్లు దాన్ని కొట్టేయమని అడగగలరా?

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, తీసుకున్న ఇంటిని తీసుకున్నట్టే అప్పగించమని అద్దెదారుకు చెబుతూనే, మామూలు వాడకంలో వచ్చే అరుగుదలను మినహాయించింది. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం ఇంకా వివరంగా చెప్పింది. వేరే ఒప్పందం లేకపోతే గోడలకు సున్నం, తలుపులు కిటికీలకు రంగు ఓనరు వేయించాలి. కుళాయిలు, స్విచ్చులు, తాళాలు, కిటికీ అద్దాలు అద్దెదారు చూసుకోవాలి. ఇంటికి అడ్వాన్సు రెండు నెలల అద్దె దాటకూడదు. అయితే రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే ఇది ఇక్కడ నడుస్తుంది. తెలంగాణలో ఉన్న 1960 నాటి అద్దె నియంత్రణ చట్టమేమో, కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలకు వర్తించదు. ఆ అద్దెకు సంసారం పెట్టుకునే ఇల్లు ఈ నగరంలో ఎక్కడుంది? ఒక నెల అద్దె కోసం సివిల్ కోర్టు మెట్లెక్కే ఓపిక ఎవరికుంది?

అద్దెదారులందరూ బుద్ధిమంతులని నేననను. కరెంటు బిల్లు ఎగ్గొట్టి రాత్రికి రాత్రే సామాను సర్దుకుపోయేవాళ్లున్నారు. ఆ అద్దె మీదే బతికే పెద్దవాళ్లను నెలల తరబడి తిప్పుకునేవాళ్లున్నారు. గడువు దాటాక కదలని వాళ్ల దగ్గర మొదటి రెండు నెలలు రెట్టింపు అద్దె, ఆపైన నాలుగింతలు వసూలు చేయొచ్చని అదే నమూనా చట్టం అంటోంది. అది సబబే. మరక మాది అయితే మా దగ్గరే పట్టుకోండి, ఏ మరకకు ఎంతో బిల్లు చూపించండి.

ఇప్పుడున్న ఇంట్లో దిగేముందు ఓనరుగారితో కలిసి గదిగదీ తిరిగాం. గీతలు, పగిలిన టైలు, బిగుసుకుపోయిన కిటికీ గడియ ఒక కాగితం మీద రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం. అరగంట పని. ప్రతి అగ్రిమెంటుకూ ఇలాంటి కాగితాన్ని ప్రభుత్వం తప్పనిసరి చేయాలి.

అడ్వాన్సు కూడా తాళాలు అప్పగించిన రోజే చేతికి రావాలి. ‘కొత్తవాళ్లు దిగాక ఇస్తాం’ అనే మాట మధ్యతరగతి ఇళ్లను ఎంత ఇబ్బంది పెడుతుందో అనుభవించినవాళ్లకే తెలుసు. కొత్త ఇంటికి అడ్వాన్సు ముందే కట్టాలి, సామాను బండికి ఇవ్వాలి, పాలు పొంగించుకోవాలి. పాత ఇంటి డబ్బు మాత్రం ఇంకొకరి దగ్గర ఉంటుంది. ఆ నెల గడవడానికి చేబదులు తెచ్చుకుంటాం, లేదంటే బంగారం కుదువపెడతాం. తిరిగివ్వాల్సిన తేదీని, ఆలస్యానికి వడ్డీని రాష్ట్రం చట్టంలోనే రాయాలి.