వార్షికాదాయం గడిలో కనిపించనిది

ఏటా పరీక్షా ఫలితాలు వెలువడే రోజుల్లో మా ఇంటి వరండా చిన్నపాటి ఆఫీసులా తయారవుతుంది. జూనియర్ కాలేజీలో పాతికేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని కదా, వీధిలో ఎవరి పిల్లలకు సీటు కావాలన్నా కాగితాలు పట్టుకుని నా దగ్గరికే వస్తారు. దరఖాస్తులన్నీ కంప్యూటర్లోకి వెళ్ళిపోయినా, "ఓసారి చూసి పెట్టండి మేడమ్" అనడం మాత్రం మారలేదు.

ఈసారి మా వీధి చివర జాకెట్లు కుట్టే ఆవిడ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. భర్త ఆటో నడుపుతాడు. ఇద్దరు పిల్లలు, ఏడాది తేడా. కొడుక్కి నిరుడు ఎంట్రన్స్‌లో మంచి ర్యాంకు వచ్చి ఇంజనీరింగ్‌లో చేరాడు. అమ్మాయి ర్యాంకు దానికి చాలా వెనక.

"వాడికి బుర్ర వుంది మేడమ్, దీనికి అంత లేదంటున్నారు వాళ్ళ నాన్న. ఊళ్ళోనే ఏదో డిగ్రీలో వేసేద్దామంటున్నారు" అందావిడ. అమ్మాయి తలెత్తలేదు.

ఆవిడ తెచ్చిన ఫైల్లో ఇద్దరి టెన్త్ మెమోలూ వున్నాయి. పక్కపక్కన పెట్టి చూశాను. అమ్మాయి మార్కులే ఎక్కువ! మరి ఇంటర్ రెండేళ్ళలో ఆ బుర్ర ఎటు పోయింది?

అడిగితే సంగతి బయటపడింది. అబ్బాయిని విజయవాడలో రెసిడెన్షియల్ కాలేజీలో వేశారు. ఏడాదికి లక్షన్నర పైచిలుకు. చీటీ పాడారు, గొలుసు కుదువపెట్టారు. ఆ అప్పు తీరకముందే అమ్మాయి టెన్త్ అయింది. ఆమెను ఊళ్ళోని ప్రభుత్వ జూనియర్ కాలేజీకి పంపారు. సాయంత్రం ఇంటికొచ్చి జాకెట్లకు హుక్కులు కుట్టి, రాత్రి చదువుకునేది. కోచింగ్ మాటే లేదు.

దరఖాస్తులో "తల్లిదండ్రుల వార్షికాదాయం" అని ఒక గడి వుంటుంది. తహశీల్దారు సర్టిఫికెట్ ప్రకారం అన్నాచెల్లెళ్ళిద్దరికీ అందులో పడేది ఒకే అంకె. ప్రభుత్వం లెక్కలో ఇద్దరిదీ ఒకే ఆర్థిక స్థితి. కానీ ఆ ఆదాయంలో ఎవరి చదువుకు ఎంత వాటా వెళ్ళిందో చెప్పే గడి ఏ ఫారంలోనూ లేదు. తల్లి వృత్తి దగ్గరికొచ్చేసరికి ఆవిడ, "ఏముంది మేడమ్, హౌస్‌వైఫ్ అని రాసెయ్యండి" అంది. కొడుకు కాలేజీకి కట్టిన చీటీ డబ్బు ఆవిడ మిషన్ మీద సంపాదించిందే!

ఇదేదో మా వీధి కథే అనుకోకండి. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో పైచదువుల్లో వున్నవాళ్ళు 4.33 కోట్ల మంది. అందులో అమ్మాయిలు 2.07 కోట్లు. 18-23 ఏళ్ళ వయసు జనాభాతో పోల్చి వేసిన చేరిక లెక్కలో అమ్మాయిలు 28.5 శాతం, అబ్బాయిలు 28.3 శాతం. మనవాళ్ళే ఒక వెంట్రుకవాసి ముందున్నారు. బాగుంది. అయితే ఏ చదువులో చేరుతున్నారన్నది ఇంకో ప్రశ్న. ఇంజనీరింగ్‌లో అమ్మాయిలు మూడో వంతుకు కూడా చేరరు. ఖర్చు తక్కువ డిగ్రీ అయితే సరే, ముందుగా లక్షలు పోసి తయారు చేయాల్సిన చదువైతే వెనక్కి. ఐఐటీల్లో 2016లో చేరినవాళ్ళలో అమ్మాయిలు నూటికి ఎనిమిది మంది! 2018 నుంచి అబ్బాయిల సీట్లు తగ్గించకుండా అమ్మాయిలకు అదనపు సీట్లు పెట్టాకే ఆ సంఖ్య 2020 కల్లా నూటికి ఇరవై దాకా వచ్చింది.

ఇప్పుడు దీని పక్కన మన ట్రిపుల్ ఐటీలను పెట్టి చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో మొదలయ్యాయి. గ్రామీణ పిల్లల కోసమే పెట్టారు. ఎంట్రన్స్ లేదు, టెన్త్ మార్కులే కొలమానం. ప్రభుత్వ బడిలో చదివినవాళ్ళకు, వాళ్ళకు లేని సదుపాయాలను లెక్కలోకి తీసుకుని, 0.4 పాయింట్లు కలిపే పద్ధతి పెట్టారు. చేరాక ఆరేళ్ళూ అక్కడే వుండి చదువు. ఇటీవలి సంవత్సరాల్లో వాటి ఎంపిక జాబితాలు చూస్తే సగం కన్నా ఎక్కువమంది అమ్మాయిలే!

"అబ్బాయిలు కార్పొరేట్ కాలేజీలకు వెళ్ళిపోతారు కాబట్టి అక్కడ అమ్మాయిలు ఎక్కువ" అంటారు కొందరు. నిజమే కావచ్చు. నేను చెప్పేదీ అదేగా! డబ్బు పెట్టే దారిలో కొడుకును పంపి, డబ్బు అక్కర్లేని దారిలో కూతుర్ని పంపుతున్నాం. ఆ తర్వాత ర్యాంకులు పోల్చి, దానికి బుర్ర లేదంటున్నాం.

ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చి వేలాది ఇళ్ళలో మొదటి తరం ఆడపిల్లలు కాలేజీ మెట్లెక్కారు. కాదనలేం. కానీ అది సీటు వచ్చాక అందే సాయం. సీటు దాకా చేరడానికి ఇంటర్‌లో అయ్యే ఖర్చు ఇంటివాళ్ళదే. అసలు వడపోత అక్కడే జరిగిపోతోంది. అందుకే ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో లెక్చరర్ల ఖాళీలు నింపడం, ఎంట్రన్స్‌కు ఉచితంగా తయారు చేయడం, అమ్మాయిలకు హాస్టళ్ళు పెంచడం ఫీజు కట్టడమంత ముఖ్యం. ప్రతి ఎంట్రన్స్‌లోనూ దరఖాస్తు చేసినవాళ్ళు, సీటు పొందినవాళ్ళు ఏ బడి నుంచి వచ్చారో, తల్లి ఎంతవరకు చదివిందో, ఆడా మగా విడివిడిగా లెక్కలు బయటపెట్టాలి. ఫలితాల రోజు టాపర్ల ఫొటోలు చూస్తాం. ఆ వెనక ఎవరు ఎక్కడ ఆగిపోయారో కూడా తెలియాలి కదా!

అది ప్రభుత్వం పని. మన పని మన ఇంట్లో వుంది. పిల్లలిద్దరినీ పోల్చేముందు, ఇద్దరి మీదా పెట్టిన ఖర్చు ఒక కాగితం మీద రాసి చూడండి. అమ్మాయి పొయ్యి దగ్గరా, మిషన్ దగ్గరా గడిపిన గంటలు కూడా రాయండి. అప్పుడు చెప్పండి ఎవరికెంత బుర్ర వుందో.

మర్నాడు ఆ అమ్మాయి తండ్రి ఆటో ఆపి లోపలికొచ్చాడు. నేనేమీ ఉపన్యాసం ఇవ్వలేదు. రెండు టెన్త్ మెమోలూ ఆయన ముందు పెట్టాను. చాలాసేపు చూశాడు. ఆ అమ్మాయి ర్యాంకుకు వచ్చే అవకాశమున్న ఇంజనీరింగ్ కాలేజీ, రోజూ వెళ్ళొచ్చే దూరంలో ఒకటుందని చెప్పాను.

"బస్సు పాసుకు నెలకెంత అవుతుంది మేడమ్‌గారూ?" అన్నాడు.

కూతురి చదువు ఖర్చు ఆయన లెక్క వేయడం అదే మొదటిసారేమో!