తిరుమల డ్యాములు నింపేది ఏ గాలి? ఎల్ నినో వస్తే కొండపై కరువేనా?

2024 ఆగస్టు గుర్తుందా? తిరుమలలో ఉన్న నీళ్లు 120-130 రోజులకే సరిపోతాయి, పొదుపుగా వాడండి అని టీటీడీ చెప్పాల్సి వచ్చింది. కొండపై ఐదు డ్యాముల సామర్థ్యం 14,304 లక్షల గ్యాలన్లు. అప్పుడున్నది 5,800 లక్షల గ్యాలన్లే. రోజు వాడకం 43 లక్షల గ్యాలన్లు. అందులో కొంత కింద కల్యాణి డ్యామ్ నుంచి పైకి ఎక్కించాల్సిందే.

నీళ్లు తగ్గాయంటే చాలు, 'ఎల్ నినో దెబ్బ' అనేస్తాం. తిరుమల విషయంలో ఈ లెక్క అంత తేలిగ్గా కుదరదు.

ఎందుకంటే ఇక్కడ డ్యాములు నింపే పెద్ద వానలు ఎక్కువగా అక్టోబర్-డిసెంబర్ మధ్యే పడతాయి. సూర్యుడి వేడికి బంగాళాఖాతం నీరు ఆవిరవుతుంది. ఆ తేమను ఈశాన్య గాలులు తీరం వైపు మోసుకొస్తాయి. ఎదురుగా శేషాచలం కొండలు. గాలి పైకి లేస్తుంది, చల్లబడుతుంది, వాన కురుస్తుంది. అల్పపీడనం తోడైతే ఇక చెప్పక్కర్లేదు.

పసిఫిక్ మధ్య, తూర్పు భాగాల్లో నీళ్లు మామూలు కంటే వేడెక్కితే ఎల్ నినో, చల్లబడితే లా నినా. ఎల్ నినో నైరుతి వానలను సాధారణంగా దెబ్బతీస్తుంది. కానీ అదే ఎల్ నినో ఏడాది దక్షిణాదిలో ఈశాన్య వానలు బాగా పడే అవకాశాలే ఎక్కువ! 2015లో బలమైన ఎల్ నినో ఉన్నప్పుడే చెన్నై మునిగింది.

మరి లా నినా అయితే వానలు తగ్గాలి కదా? 2021లో అది కూడా తారుమారైంది. లా నినా ఉండగానే నవంబర్ 18-19 తేదీల్లో తిరుపతి వీధులు వాగులయ్యాయి. చెన్నై దగ్గర తీరం దాటిన వాయుగుండం ఎఫెక్ట్ అది. శ్రీవారి మెట్టు మార్గం ఎంత దెబ్బతిందంటే, మళ్లీ తెరిచింది 2022 మేలోనే. డిసెంబర్ 1న పైకెళ్లే ఘాట్ రోడ్డుపై బండరాళ్లు కూడా పడ్డాయి.

అంటే పసిఫిక్ ఇచ్చేది మొగ్గు మాత్రమే. అసలు ఫలితం బంగాళాఖాతంలో ఎన్ని అల్పపీడనాలు పుడతాయి, ఎక్కడ తీరం దాటతాయి అన్నదాన్ని బట్టే. తిరుపతికి దగ్గర్లోని గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాల ఉంది. అక్కడి ఎంఎస్‌టీ రాడార్ పైగాలుల వేగాన్ని, దిశను 1990ల నుంచి కొలుస్తోంది. మన పక్కనే ఉన్నా దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువే!

చిక్కేంటంటే అల్పపీడనం కొన్ని రోజుల ముందే తెలుస్తుంది. నీళ్ల పొదుపు మాత్రం ఆగస్టులోనే మొదలెట్టాలి.